ఆకాశం బాకీ పడిన నీళ్ళు

పోయినవి ముందు లెక్క వేస్తాను. నల్ల పలకల కప్పున్న కొట్టం ఒకటి. ఆ కొట్టం లోపల ఏడు మెట్లు దిగే గుంట ఒకటి. గుంట గోడలో మెడలోతు దగ్గర పొదిగిన తెల్లరాతి గీత ఒకటి. కొట్టం పక్కన వాలుగా పరుచుకున్న గడ్డిచెక్క, దాని అంచున రాతికాలువ. బాదం బిస్కెట్లు కాల్చేటప్పుడు గోడ దాటి వచ్చే వాసన. పదిమంది మగవాళ్ళు చేరితే తప్ప ప్రార్థన మొదలుకాని ఒక గుడి. ఒక అవ్వ.

కొట్టం, గుంట, గడ్డిచెక్క పోయాయని నాకు పోయిన వారమే తెలిసింది. నేను ఐర్లండులోని కార్క్‌లో ఒక టైల్స్ దుకాణంలో పని చేస్తాను. ఎవరైనా గది కొలతలు తెస్తే ఎన్ని పడతాయో, మూలల్లో ఎన్ని కోతకి పోతాయో చెప్పడం నా పని. ఈ లెక్క ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు, చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఒకాయన పెరటికి రాతి టైల్స్ కావాలని కాగితం మీద బొమ్మ గీసుకొచ్చాడు. ఎడమ మూల చిన్న వంపు. ఆ వంపు నాకు తెలుసు, చిన్నప్పటి మా పక్కింటి పెరటిది.

"ఇక్కడ ఒక కొట్టం ఉండాలే" అన్నాను.

"ఉండేది. తీసేశాం. కింద పాత నీళ్ళతొట్టి ఏదో బయటపడింది, రాళ్ళు పోసి పూడ్చేశాం. ఇప్పుడంతా గ్రాండ్, చదునుగా ఉంది" అన్నాడాయన.

ఆయనకి టైల్స్ లెక్క సరిగ్గానే చెప్పి పంపాను. సాయంత్రం ఊరి పక్కన బాలింకాలిగ్‌లో మా వంటింట్లో కూర్చుని మిగతా లెక్క మొదలుపెట్టాను.

మా నాన్న ఆసుపత్రి డాక్టరు. ఆ రోజుల్లో ఆరునెలలకొక ఊరు. ట్రాలీ అనే ఊళ్ళో ఒక చలికాలం గడిపి, కార్క్ వచ్చి, అవ్వ పక్కిల్లు అద్దెకి తీసుకున్నాం. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. అమ్మది అనంతపురం పక్క పల్లె. పెద్దవాళ్ళెవరినైనా ఆమె అవ్వ అనే పిలిచేది. అలా పక్కింటి యూదులావిడ వచ్చిన రెండో రోజే మాకు అవ్వ అయిపోయింది. అవ్వకి ఆ పిలుపు అర్థం తెలిశాక, వీధిలో మేము వేరేగా పిలిస్తే పలికేది కాదు.

అవ్వ మాట్లాడింది ఇంగ్లీషులోనే, అదీ కార్క్ యాసలో, ప్రతి వాక్యం చివర మెట్టెక్కినట్టు. నాకు గుర్తున్నది మాత్రం అంతా తెలుగులోనే గుర్తుంది. ఇన్నేళ్ళుగా అమ్మా నేనూ చెప్పుకుని చెప్పుకుని అలా మారిపోయి ఉంటుంది.

అవ్వ చిన్నతనంలో వాళ్ళ గుడి కిటకిటలాడేదట. మేము వచ్చేసరికి చాలామంది డబ్లిన్‌కో, ఇంకా దూరానికో వెళ్ళిపోయారు. శనివారం పొద్దున పదిమంది మగవాళ్ళు పోగవడం కష్టమైపోయిందని అవ్వ ఒకసారి చెబితే, నాన్న అడిగాడు: "పదోవాడిగా నేనొచ్చి నిలబడనా అవ్వా?"

"నిలబడితే అందంగానే ఉంటావు డాక్టర్. లెక్కలోకి మాత్రం రావు" అంది అవ్వ.

మనిషి ఎదురుగా ఉన్నా లెక్కలోకి రాకపోవచ్చని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. ఆ వేసవిలో, నీళ్ళు కూడా అంతేనని తెలిసింది.

కొట్టంలో గుంట అవ్వ భర్త తన చేతులతో తవ్వింది. ఆయన దర్జీ. నేను ఆయన్ని చూడలేదు. యూదుల ఇళ్ళల్లో పెళ్ళికూతురు పెళ్ళికి ముందు, ఆ తర్వాత నెలనెలా, అలాంటి గుంటలో మునగాలి. తల వెంట్రుక ఒక్కటి కూడా నీటి పైన తేలకుండా మునగాలి. ఆ నీళ్ళు వాననీళ్ళు కావాలి. చూరు మీంచి పడి, కాలువలో పారి, వాటంతట అవే గుంటలోకి చేరాలి. మనిషి బిందెతోనో బకెట్టుతోనో ఎత్తిపోసిన నీళ్ళు పనికిరావు. తెల్లరాతి గీత దాకా వాన నిండితే గుంట చెల్లుతుంది. నిండకముందే చేత్తో పోసిన నీళ్ళు చెంబెడు పడినా, ఉన్నదంతా చెడిపోతుంది.

అమ్మకి ఇది మొదట్లో మింగుడుపడలేదు. "కొళాయి ఉండగా ఇంత తిప్పలెందుకు? చెంబుతో పోసుకుంటే స్నానం కాదా?" అంది.

"కడుక్కోవడం ఇంట్లోనే, కొళాయి కిందే. ఒంటి మీద మురికి అంతా పోయాకే ఇక్కడికి రావాలి. ఇది మురికి వదిలించే నీళ్ళు కాదు" అంది అవ్వ.

అమ్మ ఆలోచించి నా వైపు తిరిగింది. "మడి లాంటిదిలే పాపా" అంది. అక్కడితో ఆమె అనుమానం తీరిపోయింది.

ఆ వేసవిలో అవ్వ మనవరాలికి పెళ్ళి కుదిరింది. మేము అక్క అనేవాళ్ళం. పొడుగ్గా ఉండేది, రాగిరంగు ఉంగరాల జుట్టు. పదేళ్ళప్పుడు వాళ్ళమ్మ చనిపోతే అవ్వే పెంచింది. పెళ్ళికి ముందు మునగాల్సిన రాత్రి లెక్క చూస్తే అది వాళ్ళ పెద్ద ఉపవాసం ముగిసిన రాత్రికి పడింది. ఎప్పుడో వేల ఏళ్ళ కింద కూలిపోయిన వాళ్ళ గుడి కోసం చేసే ఉపవాసం అది. ఆ రోజు తిండి లేదు, మంచినీళ్ళు లేవు, స్నానం లేదు, తోలు చెప్పులు లేవు. ఒకరినొకరు పలకరించుకోవడం కూడా లేదు.

"అన్నేళ్ళ కింద కూలిన గుడికి ఇప్పుడు ఏడుస్తారా?" అని అమ్మ అడిగింది.

"గుర్తుపెట్టుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది అవ్వ.

అమ్మ ఇండియా నుంచి వచ్చిన పంచాంగం తీసి చూసింది. అవ్వ వాళ్ళ నెల అమావాస్య దాటాక మొదలవుతుంది, ఉపవాసం తొమ్మిదో రోజు. అమ్మ లెక్కలో శ్రావణ శుద్ధ నవమి. ఒకే చంద్రుణ్ణి చూసి ఇద్దరూ లెక్కపెడుతున్నారని అమ్మకి భలే సంతోషం వేసింది. ఆ తొమ్మిది రోజులూ అవ్వ మాంసం ముట్టదు, శ్రావణంలో అమ్మా ముట్టదు. ఆ రోజుల్లో గోడ మీదుగా గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఇటు నుంచి ఉగ్గాని, అటు నుంచి బాదం బిస్కెట్లు. ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టి, అవ్వ కళ్ళు తుడుచుకుంటూ తినేది.

చిక్కల్లా గుంట దగ్గరే వచ్చింది. వసంతంలో గోడకి పగులు పడితే అవ్వ నీళ్ళన్నీ వదిలేసి మేస్త్రీ చేత బాగుచేయించింది. తర్వాత వానలకి సగం పైన నిండింది. అప్పుడు ఎండలు మొదలయ్యాయి. ఐర్లండులో ఎండలంటే ఎవరూ నమ్మరు, కానీ ఆ ఏడు వారాల తరబడి చినుకు లేదు. వీధంతా కుర్చీలు బయట వేసుకుని ఎర్రగా కాలిపోతూ కూర్చునేది. అవతలి గోడ పక్కింటి ఆవిడ నిక్కరు వేసుకుని రోజంతా చాప మీదే. మా రెండిళ్ళ వాళ్ళమే తలెత్తి మబ్బు కోసం చూసేవాళ్ళం.

"డబ్లిన్‌లో ఇలాంటిది పెద్దది ఉందటగా, నేను కారులో తీసుకెళతాను" అన్నాడు నాన్న.

అక్క, "మా అమ్మ దిగిన మెట్లు డబ్లిన్‌లో లేవు కదా అంకుల్" అంది.

నాన్న మళ్ళీ డబ్లిన్ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి అన్నాలు తింటూ అమ్మ వాళ్ళ ఊరి సంగతి చెప్పింది. "వాన రాకుంటే మేము కప్పతల్లి ఆడేవాళ్ళం. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇద్దరు పిల్లోళ్ళు భుజాన మోసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటామె చెంబుడు నీళ్ళు తెచ్చి కప్ప మీద పోస్తుంది. అంతే, మూడో నాటికి వాన."

"నిజంగా వస్తుందా?" అన్నాను.

"రాకుంటే మళ్ళా ఆడేవాళ్ళం" అంది అమ్మ.

మర్నాడు పొద్దున తమ్ముడు మా పెరటి కొళాయి కింద తడిలో కప్పని పట్టుకొచ్చాడు. పెరుగు డబ్బాలో పెట్టి, మూతకి బెజ్జాలు పొడిచి, బడికి పోయే పిల్లాడికి అన్నం డబ్బా ఇచ్చినంత జాగ్రత్తగా నాకు అందించాడు. రోకలి లేదు, వీధిలో పిల్లలు హర్లింగ్ ఆడే బ్యాటు దొరికింది. వేపాకు లేదు, గోడ మీద పాకిన ఐవీ తీగ కోశాం. కప్పని తడిగుడ్డలో వదులుగా కట్టి, తల బయటికి ఉంచి, బ్యాటుకి వేలాడదీసి చెరో చివర పట్టుకున్నాం. అవతలి గోడ మీంచి నిక్కరావిడ తొంగి చూసింది.

"ఏంటి పిల్లలూ అది?"

"వాన కోసం" అన్నాడు తమ్ముడు.

"వానా? ఏళ్ళ తర్వాత ఎండొచ్చింది, ఆ కప్పని ఇటు తిప్పారో ఊరుకోను" అని నవ్వి మళ్ళీ వాలిపోయింది.

అవ్వ పెరట్లోకి ఊరేగింపు తీసుకెళ్ళాం, వెనక అమ్మ చెంబుతో. అమ్మ గడ్డిచెక్క మీద నిలబడి పద్ధతి అంతా అవ్వకి వివరించింది. ఇంటి పెద్దామె పోస్తేనే ఫలితమని గట్టిగా చెప్పింది. అవ్వ నవ్వి నవ్వి దగ్గింది. లోపలికెళ్ళి తన పెద్ద పింగాణీ కూజా నిండా నీళ్ళు తెచ్చింది.

"ఏమ్మా కప్పా, నీ వల్లయినా అవుతుందా?" అని కూజా మొత్తం వంచేసింది. అమ్మ కూడా చెంబు వంచింది. కప్ప కళ్ళు మూసుకుని తెరిచింది. తమ్ముడు కేరింతలు కొట్టాడు.

ఎండకి నేల గట్టిపడి ఉంది. నీళ్ళు ఇంకలేదు. గడ్డి వేళ్ళ మధ్య నుంచి పాము పాకినట్టు వాలు వెంట జారాయి. మేము చూస్తుండగానే రాతికాలువలోకి దిగాయి. గోడ కింది కన్నం లోంచి లోపల గుంటలో పడుతున్న చప్పుడు వినిపించింది. చిన్న చప్పుడు, పాలు పితికినట్టు.

అవ్వ కూజా పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కూజాని మెల్లగా గడ్డి మీద పెట్టి, గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు చూసింది. "నా చేత్తోనే పోశానే" అంది.

అక్క ఎదురొచ్చి అవ్వ భుజం చుట్టూ చెయ్యి వేసింది. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టి కప్పని వదిలేశాడు. అది ఐవీ ఆకుతో సహా రాతికాలువ వైపే గెంతబోతే అమ్మ చటుక్కున చెంబు బోర్లించి పట్టుకుంది. "నువ్వొకదానివి తక్కువ" అని దాన్ని మా పెరట్లో వదిలి వచ్చింది.

అవ్వ డబ్లిన్‌లో ఉండే వాళ్ళ గురువుగారికి ఫోన్ చేసింది. ముసలాయన, రబ్బీ. హాల్లో నల్ల టెలిఫోను చుట్టూ అందరం నిలబడ్డాం. ఆయన తిట్టలేదు. ప్రశ్నలు వేశాడు. గుంట ఎంతవరకు నిండి ఉంది? నీళ్ళు నేరుగా కాలువలో పడ్డాయా, నేల మీద పారాయా? మట్టి నేలా, సిమెంటా? పడిన చోటి నుంచి కాలువ దాకా ఎన్ని బెత్తెలు?

అవ్వ అన్నది ఇంగ్లీషు మాటే, కానీ నాలుగు వేళ్ళు కలిపి చూపించగానే అమ్మ "బెత్తెడు" అనేసింది. వాళ్ళూ నాలుగు వేళ్ళ వెడల్పుతోనే కొలుస్తారు. "కొలుచుకురా పాపా" అని నన్ను పెరట్లోకి తోసింది. నావి చిన్న వేళ్ళని అమ్మే వచ్చి మోకాళ్ళ మీద వంగి కొలిచింది, నేను లెక్కపెట్టాను. గడ్డి మీద కప్ప వేలాడిన చోటి నుంచి కాలువ అంచు దాకా పదకొండు బెత్తెలు.

అవ్వ ఆ అంకె ఫోన్‌లో చెప్పి చాలాసేపు వింది. ముఖంలో రంగు మెల్లగా తిరిగొచ్చింది. "మూడు చాలట. మట్టి మీద మూడు బెత్తెలు వాటంతట అవి పారితే, చేత్తో పోసినా గుంటని చెడపవట. సగానికి పైగా వాననీళ్ళే ఉంటే చాలట" అంది.

అమ్మ ఊరుకోలేదు. "అట్లయితే మిగతాదంతా గడ్డి మీద పోసేస్తే సరిపాయె కదా? వాన కోసం ఎందుకు చూస్తాండాము?"

"వాళ్ళ గురువుతో వాదిస్తావా నువ్వు?" అని నాన్న తలుపు దగ్గర నుంచి గదమాయించాడు.

అవ్వ మాత్రం ఆ ప్రశ్న అలాగే ఫోన్‌లో అడిగింది. అటు నుంచి నవ్వు నాకు కూడా వినిపించింది. అది వాళ్ళ పుస్తకాల్లో ఉన్న ప్రశ్నేనట. గత్యంతరం లేకపోతే చెయ్యొచ్చునట. సగం దాటిందో లేదో మాత్రం కచ్చితంగా చూసుకోమన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను చేసిన లెక్కే బహుశా నా మొదటి లెక్క. గుంట పైన వెడల్పు, అడుగున మెట్లు చోటు ఆక్రమించుకుంటాయి కాబట్టి ఇరుకు. నీటి ఎత్తు సగం దాటినంత మాత్రాన నీళ్ళు సగం దాటినట్టు కాదు. పెరటి బండ మీద సుద్దముక్కతో గుంట బొమ్మ గీసి, గళ్ళు గీసి, మెట్లున్న గళ్ళు కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టాను. సగానికి పైనే తేలింది, కొద్ది గళ్ళు ఎక్కువ. నాన్న వచ్చి మళ్ళీ లెక్కపెట్టి నా తల మీద చెయ్యి పెట్టాడు.

అయినా అవ్వ ఒప్పుకోలేదు. "మా ఆయన ఈ గుంటకి ఎన్నడూ చెయ్యి తగలనివ్వలేదు. నా కూతురు దిగినప్పుడు అంతా ఆకాశం పోసిందే. దీనికీ అంతే కావాలి. ఉపవాసం చివరి దాకా చూస్తాను" అంది. అక్క కోసమే ఆ పట్టుదల. అక్క కూడా అవ్వ కోసమే తల ఊపింది.

ఉపవాసం ముందురోజు మధ్యాహ్నం కూడా మబ్బు లేదు. ఉపవాసం రోజు ఒళ్ళు కడగకూడదు కాబట్టి, మరునాటి రాత్రి మునకకి చెయ్యాల్సిన తయారీ అంతా ఆ పూటే కావాలి. నీటికీ ఒంటికీ మధ్య ఏ అడ్డమూ ఉండకూడదు. అక్క చెవిపోగులు తీసింది, ఉంగరం తీసింది. వేళ్ళ గోళ్ళు, కాలి గోళ్ళు తీసుకుంది. బొటనవేలి మీద చిన్న ప్లాస్టరు అవ్వ నానబెట్టి ఊడదీసింది. వేడినీళ్ళ స్నానం అయ్యాక తల చిక్కు తియ్యాలి. ఒక్క ముడి మిగలకూడదు. అవ్వ వేళ్ళకి కీళ్ళవాతం. చిక్కు తీసే పని అమ్మ తీసుకుంది.

అవ్వ వంటింట్లో పొయ్యి పక్కన అక్క కింద కూర్చుంది, అమ్మ వెనక కుర్చీ మీద. నేను దువ్వెనలు అందించాను, పెద్దపళ్ళది, తర్వాత చిన్నపళ్ళది. అమ్మ అలవాటు కొద్దీ కొబ్బరినూనె సీసా కూడా తెచ్చింది.

"నూనె వద్దు" అంది అవ్వ.

"కొంచెమే. లేకుంటే పాప ఏడుస్తాది, ఇంత ఉంగరాలు."

"కొంచెం కూడా అడ్డమే."

"మా దగ్గర పెళ్ళికూతురికి నలుగు పెట్టి, నూనె పెట్టి, పసుపు రాసి, గాజులు తొడిగి నీళ్ళు పోస్తాము. మీరేమో ఉన్నవన్నీ తీసేస్తాండారు."

"మునిగి లేచాక తొడుగు. ఎన్ని కావాలంటే అన్ని."

అమ్మ సీసా పక్కన పెట్టి మొదలుపెట్టింది. కొస నుంచి పైకి, పాయ తర్వాత పాయ, కుదుళ్ళు గట్టిగా పట్టుకుని, నొప్పి తెలియకుండా. నా తల దువ్వేటప్పుడు అంత ఓపిక ఎన్నడూ చూపించలేదు. ఒక పాయ విడిపోయినప్పుడల్లా వేళ్ళతో పైనుంచి కిందికి దూసి చూసేది. కొంతసేపటికి అక్క భుజాలు కదులుతున్నాయని గమనించాను. ఏడుస్తోంది. చప్పుడు లేదు.

"నొస్తాందా నాయనా?" అంది అమ్మ తెలుగులోనే.

అక్కకి ఆ మాట అర్థమైందో లేదో, కాదన్నట్టు తల ఊపింది. "మా అమ్మ పోయాక నా తల ఇంకొకరు దువ్వలేదు" అంది.

అమ్మ దువ్వెన ఆపి అవ్వ వైపు చూసింది. "కన్నీళ్ళు కూడా అడ్డమేనా?"

"తడి కన్నీళ్ళు అడ్డం కాదు" అంది అవ్వ. "ఎండిపోయినవే అడ్డం. ఏడవనీ. తర్వాత ముఖం కడుగుదాం."

పొద్దు వాలే ముందు అవ్వా అక్కా నేల మీద కూర్చుని, ఉడికిన గుడ్డుని బూడిదలో అద్దుకుని, రొట్టెతో తిన్నారు. అది వాళ్ళ చివరి ముద్ద. బూడిద తినే పండగ ఏమిటని తమ్ముడు అడిగితే, ఇది పండగ కాదని అమ్మ నోరు మూయించింది.

మర్నాడు నేను కప్పు మీది చప్పుడుకి లేచాను. వాన. మామూలు కార్క్ తుంపర కాదు, అమ్మ వాళ్ళ ఊరి వాన. చూరు నుంచి తాళ్ళు తాళ్ళుగా దిగుతోంది. తమ్ముడు నిక్కరు తడుపుకుంటూ పక్కింటికి పరుగెత్తాడు, నేను వెనక.

అవ్వ గుడ్డబూట్లు వేసుకుని, పొట్టి పీట మీద, తెర సగం వేసిన గదిలో కూర్చుని ఉంది. ఆ రోజు సంతోషపడకూడదు. "అవ్వా, నిండుతోంది" అన్నాడు తమ్ముడు. ఆమె పెదవి మీద వేలు పెట్టుకుంది. పుస్తకంలోకే చూస్తోంది. కానీ పేజీ తిప్పలేదు. గోడ అవతల గుంటలో నీళ్ళు పడుతున్న చప్పుడు గది నిండా ఉంది. ఆమె తల కొద్దిగా అటువైపు వంచి కూర్చుంది. నవ్వకుండా ఉండడానికి అంత కష్టపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

గంటగంటకీ నేను కొట్టంలోకి వెళ్ళి చూసొచ్చాను. తెల్లరాతి గీతకి మూడు బెత్తెలు, రెండు, ఒకటి. సాయంత్రానికి రెండు వేళ్ళు తక్కువ. అక్కడ వాన ఆగిపోయింది. మబ్బు పగిలి ఎండ పడింది. ఉపవాసం ముగియడానికి ఇంకా వెలుగు చాలా ఉంది, కానీ ఆకాశంలో నీళ్ళు మాత్రం లేవు.

రెండు వేళ్ళు. నేను వెళ్ళి అవ్వకి వేళ్ళతో చూపించాను. అవ్వ అక్కని చూసింది. అక్క పొద్దున్నుంచి నీళ్ళు తాగక పెదవులు ఎండి, అల్లిన జడ ముందుకి వేసుకుని కూర్చుని ఉంది. అవ్వ లేచి, ఆ రోజు ఎవరినీ పలకరించని నియమం తప్పకుండానే, గోడ దగ్గరకి వచ్చి అమ్మతో ఒక్క మాట అంది.

"చెంబు తెచ్చుకో."

అమ్మ గడ్డిచెక్కకి పై చివర, పెరటి గోడని ఆనుకుని నిలబడింది. బకెట్టు ఖాళీ అయినప్పుడల్లా నాన్న నింపాడు. అమ్మ చెంబు ముంచి, దేవుడికి అర్ఘ్యం వదిలినట్టు నెమ్మదిగా గడ్డి మీద వంచింది. నీళ్ళు పారి కాలువలో దిగాక మరో చెంబు. లెక్క నాది. అవతలి గోడ మీంచి నిక్కరావిడ, ఇప్పుడు వానకోటులో, చూస్తూ ఉండిపోయింది.

"పొద్దున్నుంచి కుండపోత కురిసింది. ఇప్పుడు గడ్డికి నీళ్ళు పెడుతున్నారా?"

"తక్కువైంది" అన్నాడు తమ్ముడు.

అవ్వ కొట్టం గుమ్మంలో నిలబడి రాతిగీతనే చూస్తోంది. నేను అంకె పైకి చెప్పినప్పుడల్లా తల ఊపుతోంది. చివరి చెంబుకి నీళ్ళు గీతని తడిపాయి. అవ్వ చెయ్యి ఎత్తి ఆపమంది. పైకి, ఆకాశం వైపు చూసి, పిల్లాడిని మందలించినట్టు అంది: "ఇవి అప్పు. ఈ ఇంట్లో ఇంకో పెళ్ళికూతురు దిగేనాటికి నీ నీళ్ళు నువ్వే తెచ్చి పొయ్యాలి."

చీకటి పడ్డాక మమ్మల్ని పడుకోబెట్టారు. అమ్మ మాత్రం దువ్వెన తీసుకుని పక్కింటికి వెళ్ళింది. అక్కడ జరిగింది నేను చూడలేదు, అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున అక్క మా వంటింట్లోకి వచ్చింది, తల ఇంకా తడిగా ఉంది. అమ్మ ఆమె రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు తొడిగింది.

"మెట్లు జారతాయి, ఎడమవైపు గోడ పట్టుకో అని మా అమ్మ చిన్నప్పుడు చెప్పేది, నేను అందులోకి తొంగి చూసినప్పుడల్లా" అంది అక్క. "పట్టుకున్నాను. అక్కడ గోడ నున్నగా అరిగి ఉంది ఆంటీ."

అమ్మ మరో రెండు గాజులు తొడిగింది.

పెళ్ళయ్యాక అక్క భర్తతో మాంచెస్టర్ వెళ్ళిపోయింది. ఆ వారమే అవ్వ గుంటలో నీళ్ళు వదిలేసి, కాలువ మూతికి పలక అడ్డం పెట్టింది, ఊరికే పడే వానని అప్పులో జమ చేసుకోకుండా. మళ్ళీ పెళ్ళికూతురు వస్తే పలక తీద్దామంది. మాకు అత్లోన్‌కి బదిలీ అయింది. అవ్వ కొన్నేళ్ళు ఉత్తరాల్లో బిస్కెట్ల సంగతి రాసింది, తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. వాళ్ళ గుడి తలుపులు మూసేశారని ఎవరో చెప్పారు. పలక తీసే రోజు రాలేదు.

మొన్న సాయంత్రం అమ్మకి టైల్స్ ఆయన సంగతి చెప్పాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, మా అబ్బాయి ఇంగ్లీషుకి తెలుగులో జవాబు చెబుతూ కాలం గడుపుతోంది. గుంట పూడ్చేశారనగానే చేతిలో చిక్కుడుకాయ వదిలేసి కిటికీ లోంచి బయటికి చూసింది. బయట వాన పడుతోంది. ఇక్కడ ఎప్పుడూ పడేదే.

"ఇంత కురుస్తాంది" అంది. "యాడ పోస్తాది ఇంగ, ఆ బాకీ నీళ్ళు పొయ్యాలన్నా?"

"ఎన్నో గుర్తుందా అమ్మా?"

నాకు తెలుసు. అయినా ఆమె నోటితో వినాలనిపించింది. అమ్మ చిక్కుడుకాయ మళ్ళీ అందుకుంది, ఈనె లాగింది.

"యాభై రెండు చెంబులు" అంది. "గడ్డి తాగినవి కూడా కలిపి."